మేడ మీద ఆడవాళ్ళ గొంతులు

పైనుంచి ఆడవాళ్ళ గొంతులు వినిపించాయి కాబట్టి పైకి వచ్చాను, ఇందులో నా తప్పేముంది. కింద గది తలుపు ఓరగా తెరిచి ఉంది, లోపల అందరూ మగవాళ్ళే, ఒకాయన కుర్చీలు సర్దుతున్నాడు, ఇంకొకాయన ఫ్లాస్కు మూత తిప్పలేక తంటాలు పడుతున్నాడు, ఆ చేతులు చూడగానే నేను వెతుకుతున్న చోటు ఇదేనని తెలిసిపోయింది, పొద్దున్నే దువ్వెన పట్టుకున్నప్పుడు నా చేతులు కూడా అలాగే ఉంటాయి. కానీ అంతమంది మగవాళ్ళ మధ్యకి వెళ్ళి కూర్చోవడం ఎలా? గుమ్మం దగ్గర నిలబడి ఎవరినైనా అడగొచ్చు, అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే, అయితే ఏమని అడగను, తాగేవాళ్ళు కూర్చునేది ఇక్కడేనా అండీ అనా? అంతలో మెట్ల పైనుంచి ఎవరో ఆడవాళ్ళ నవ్వు. ఓహో, ఆడవాళ్ళకి పైన వేరేగా పెట్టారన్నమాట, బట్టల షాపులో ట్రయల్ రూములు వేరుగా పెట్టినట్టు, ఎంత మర్యాద తెలిసిన మనుషులు అని లోపల్లోపల మెచ్చుకుని, సంచీ చంకలో ఇరికించుకుని గబగబా మెట్లెక్కేశాను. తాగుబోతులు కూడా ఇంత హాయిగా నవ్వుతారా అన్న అనుమానం అప్పుడైనా రావాల్సింది. రాలేదు.

ఇది పిల్లలకి డాన్సు నేర్పే గది. ఒక గోడంతా అద్దం, దాని ముందు పట్టుకోవడానికి పొడుగాటి చెక్క కమ్మీ, నేల మీద రంగు టేపుతో చిన్న చిన్న పాదాల గుర్తులు. కుర్చీలు గుండ్రంగా వేశారు. అలవాటున్న వాళ్ళు తెలివిగా అద్దానికి వీపు పెట్టి కూర్చున్నారు, కొత్తదాన్ని కాబట్టి అద్దానికి ఎదురుగా ఉన్న కుర్చీ నాకు మిగిలింది, కాబట్టి ఈ గంటసేపూ నా మొహాన్ని నేనే భరించాలి. కళ్ళ కింద ఉబ్బు, దాని మీద పౌడరు, పౌడరు మీద చెమట. లావుపాటి కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ, ఈ గుంపుకి ఆవిడే పెద్ద దిక్కులా ఉంది, నా వైపు చూసి నవ్వింది. “కొత్తగా వచ్చారు కదా, మా పద్ధతి చెబుతాను. ఇక్కడ పేర్లు అక్కర్లేదు. విన్నది ఇక్కడే వదిలేసి వెళ్తాం. ఒకళ్ళకొకళ్ళం సలహాలు చెప్పుకోం, అయ్యో పాపం అనుకోం. ఒకరు చెప్పడం అయిపోయాక మిగతావాళ్ళం ‘విన్నాం’ అంటాం. అంతేనమ్మా.” భలే ఉందే అనుకున్నాను. సలహా చెప్పని ఆడవాళ్ళు ఇంతమంది ఒకచోట దొరకడం నా జన్మలో ఇదే మొదటిసారి. నా పక్క కుర్చీలో ఒక నర్సు, డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, జేబులో పెన్నులు ఇంకా అలాగే ఉన్నాయి, ఆవిడ మొదలుపెట్టింది. “మా ఆయన ఈ వారం మళ్ళీ మొదలుపెట్టాడు.” అయితే మొగుడూ పెళ్ళాం ఇద్దరూనా, ఆ ఇంట్లో గొడవే ఉండదు కాబోలు అనుకున్నాను నేను, నిజంగా అనుకున్నాను, అంత మట్టిబుర్ర నాది. “రోజంతా ఊళ్ళో వాళ్ళ బీపీలు చూస్తాను, ఇంటికెళ్ళి సీసా మూతల వాసన చూస్తాను,” అంది ఆవిడ. అప్పుడు వెలిగింది. ఇది తాగే ఆడవాళ్ళ గది కాదు. తాగేవాళ్ళతో వేగే వాళ్ళ గది. నేను శత్రువుల ఇంట్లో దూరి, వాళ్ళు ఇచ్చిన బిస్కెట్టు తింటూ కూర్చున్నాను.

లేచి వెళ్ళిపోవచ్చు. లేవడానికి ఏముంది, సారీ అండీ అని రెండు మాటలు. కానీ లేస్తే ఎక్కడికని అడుగుతారు, అడగకపోయినా చూస్తారు, ఇలా చూసీ చూడనట్టు చూసే చూపులంటే నాకున్న భయం తేళ్ళన్నా పాములన్నా లేదు. అందుకని బిస్కెట్టు నములుతూ, నేను కూడా ఎవరో ఒక తాగుబోతు పెళ్ళాన్నే అన్నట్టు మొహం పెట్టాను, ఆ మొహం పెట్టడం ఎంత తేలికగా వచ్చిందో అద్దంలో చూసి నాకే ఆశ్చర్యం వేసింది. నర్సు చెబుతూనే ఉంది. బాత్రూములో ఎంతసేపు ఉంటాడో చెవులు రిక్కించి వింటుందట, నీళ్ళ చప్పుడు మధ్యలో ఆగితే గుండె ఆగుతుందట, అల్మారాలో మడతలు విప్పి మళ్ళీ పెడుతుందట. వింటుంటే నాకు నాలుక దురద. అల్మారాలో ఎవరు దాస్తారమ్మా పిచ్చిదానా, వాషింగ్ మిషను వెనక గొట్టం ఉంటుంది చూడు, ఆ సందులో చెయ్యి పెట్టు, లేదా పాత ప్రెషర్ కుక్కర్లో చూడు, వాసన పట్టుకోవాలంటే మూత కాదు, తువ్వాలు చూడాలి, మూతి తుడుచుకునేది దాంతోనే. దొంగకి తెలిసినంత పోలీసుకి తెలియదు. నోరు తెరిస్తే ఆ నర్సుకి ఒక్క సాయంత్రంలో జీవితమంతా పనికొచ్చే చదువు చెప్పగలను, ఇక్కడ సలహాలు చెప్పకూడదన్న నియమం ఉండటం వల్ల ఆయనెవరో బతికిపోయాడు. “ఇదివరకు వీధుల వెంట తిరిగి వెతికి లాక్కొచ్చేదాన్ని,” అంటోంది ఆవిడ, “ఇప్పుడు మానేశాను. వెంటపడను. అది మానడమే నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది.” అందరూ “విన్నాం” అన్నారు. నేను కూడా అన్నాను. అన్నాక ఇంకో బిస్కెట్టు తీసుకున్నాను.

ఇక్కడికి రావడానికి నేను పడిన పాట్లు ఎవరికి చెప్పను. హాస్పిటల్ కారిడార్లో గోడకి అంటించిన కాగితం మీద ఒక నంబరు ఉండేది, మా ల్యాబు నుంచి పళ్ళ సెట్లు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఆ కాగితం ముందు నిలబడి పక్కనున్న టీకాల కాగితం చదివేదాన్ని. చదివి చదివి టీకాల పట్టిక అంతా కంఠతా వచ్చింది గానీ ఆ నంబరు వైపు చూడటానికి ధైర్యం రాలేదు. చివరికి ఒకరోజు ఫోన్ చేశాను. అవతల ఒక పెద్దాయన, నిద్ర లేపినా విసుక్కోని గొంతు. “మీ కోసమా అమ్మా, ఇంట్లో వాళ్ళెవరి కోసమైనానా?” అన్నాడు. “మా తమ్ముడి కోసం,” అన్నాను. నాకు తమ్ముడు లేడు. ఆ క్షణాన పుట్టించి, పెంచి, తాగుబోతుని చేసి, ఉద్యోగం ఊడగొట్టి, పెళ్ళాన్ని పుట్టింటికి కూడా పంపించాను, ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు, విని, “మీ తమ్ముణ్ణి ఒకసారి నాతో మాట్లాడమనండి,” అన్నాడు. సరే అని పెట్టేశాను. ఫోన్ పెట్టేశాక ఆ తమ్ముడి మీద ఎంత జాలి వేసిందంటే, వాడి బాధ మర్చిపోవడానికి ఇంకో గుక్క వేశాను.

నా పని పళ్ళు చేయడం. డాక్టరు దవడ అచ్చు తీసి పంపిస్తాడు, నేను ప్లాస్టర్ పోసి, మైనం వేసి, ఆ మైనంలో ఒక్కొక్క పన్ను నిలబెడతాను, చిగుళ్ళు కూడా చెక్కుతాను, మనిషిని చూడకుండానే నవ్వు చేసి పంపిస్తాను. ల్యాబు ఓనరమ్మ ఇదివరకు పని నేర్చుకునే పిల్లలకి నన్ను చూపించి, చెయ్యంటే అదీ అనేది. ఇప్పుడు ఆ చేతికి పొద్దున్న మైనం కత్తి నిలవదు. నీళ్ళ సీసాలోంచి ఒక గుక్క పడితే గానీ నిలవదు. తాగితే చెయ్యి వణకదు, తాగకపోతే వణుకుతుంది, ఇంక నన్ను తప్పు పట్టేవాళ్ళు ముందు నా చెయ్యిని పట్టుకోవాలి. ఇలాంటి మాటలు నా దగ్గర బోలెడు. నిజం చెప్పొద్దూ, నాకు నేను చెప్పుకునే వాదన వింటే ఏ జడ్జి అయినా నన్ను వదిలేస్తాడు. వదలనిది ఒక్కటే, మా పాప మొహం.

పాపని ఈత క్లాసు నుంచి తీసుకురావాల్సిన రోజు అది. ల్యాబులో అందరూ వెళ్ళిపోయారు, ఒక్క ఐదు నిమిషాలు కూర్చుని వెళ్దామనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి కిటికీ నల్లగా ఉంది. పరిగెత్తాను, ఆటోలో కూర్చుని కూడా పరిగెత్తాను, కాళ్ళు అలా ఆడుతూనే ఉన్నాయి. కొలను మూసేశారు, బయట లైటు కింద బెంచీ మీద మా పాప, తడిజుట్టు, ఒళ్ళో సంచీ, పక్కన ఇంటికి వెళ్ళలేక నిలబడి ఉన్న కోచ్. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. “తలనొప్పి తగ్గిందా అండీ?” అన్నాడు ఆయన. “పాప చెప్పింది, వెలుతురు పడదటగా మీకు. చీకటి పడితే గానీ బయటికి రాలేరట. మా అక్కకి కూడా అంతే.” నేను పాప వైపు చూశాను. పాప నా వైపు చూసింది. అవునను అమ్మా, అవునను, అన్నట్టు చూసింది. నేను ఆ లైటుకి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళు చికిలించాను. ఇంటి దగ్గర దిగాక పాప, “నువ్వు చెయ్యి అడ్డం పెట్టడం బాగుందమ్మా,” అంది. నేను అబద్ధాల్లో ఆరితేరినదాన్ని. మంచి అబద్ధం ఎలా ఉంటుందో నాకు తెలుసు, దానిలో ఎవరూ అడగని చిన్న వివరం ఒకటి ఉంటుంది. నా తొమ్మిదేళ్ళ పిల్లకి అది తెలిసిపోయింది. ఆ రాత్రి తాగలేదని చెబితే బాగుంటుంది. తాగాను. కానీ తాగుతూ ఏడ్చాను, అది కొత్త.

ఆ తర్వాతే మా అత్తయ్య ఆ మాట అంది. వంటింట్లో బీన్స్ తుంచుతూ, తల ఎత్తకుండా, “పాత పోస్టాఫీసు వెనక డాన్సు స్కూలుందట. గురువారం సాయంత్రాలు అక్కడ తాగుడు మానుకునే వాళ్ళు మీటింగులు పెట్టుకుంటారట,” అంది. నాకు ఒళ్ళు మండింది. “ఎవరికి చెబుతున్నారు?” అన్నాను. “గోడకి చెబుతున్నానులే,” అంది. గోడ వినలేదు గానీ నేను విన్నాను. అత్తయ్య అంటే అంతే, సూటిగా ఒక్క మాట ఉండదు, ఆవిడకి దాహం వేసినా మొక్కలకి నీళ్ళు పోశారా అని అడుగుతుంది. ఈ పదకొండేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకున్న సందర్భం ఒకటి గుర్తు చేసుకోమంటే చెమటలు పడతాయి నాకు. చారు పలచన, దుప్పటి మడత వంకర, పాప జడ ఎడమ వైపుకి. ఆ నోట్లో ఉన్న పళ్ళు నేను చేసినవే, అదే నాకు ఎక్కువ మంట, నా చేతి పనితోనే నన్ను నమిలేస్తుంది. గురువారం మా ఆయనకి సెలవు, ఆయన దూరం బస్సు నడుపుతాడు, సెలవు రోజు ఇంట్లో ఉండి పాపతో చదరంగం ఆడి ఓడిపోతాడు. అత్తయ్య గురువారం మోకాళ్ళ వ్యాయామానికి వెళ్తుంది. నేనేమో ల్యాబులో అర్జెంటు పని ఉందని చెప్పి ఇలా వచ్చాను. ఆయన సరే అన్నాడు. ఆయనకి తెలుసు. తెలియనట్టు ఉండటం ఆయన పద్ధతి, దాన్ని మంచితనం అనాలో ఏమనాలో ఇన్నేళ్ళూ నేను తేల్చుకోలేదు, తేల్చుకోకపోవడం నాకు లాభం కూడా.

వెనక తలుపు చప్పుడైంది. “బస్సు దొరకలేదండీ, ఆలస్యమైంది,” అంది ఒక గొంతు, ఆ మాటల మధ్య టక్, టక్ అని చిన్న చప్పుడు. ఆ చప్పుడు ఎక్కడున్నా పోల్చుకుంటాను, ఎందుకంటే దాన్ని చేసింది నేనే. పై దవడ అచ్చూ కింది దవడ అచ్చూ ఫ్రేములో బిగించేటప్పుడు ముందున్న పిన్ను మర గట్టిగా తిప్పాలి, అది జారితే పళ్ళు వెంట్రుకవాసి ఎత్తుగా వస్తాయి, మాట్లాడినప్పుడల్లా తగులుతాయి. ఆ రోజు నా చెయ్యి తిప్పవలసినంత తిప్పలేదు. ట్రయల్‌లో డాక్టరు అడిగితే, బ్రహ్మాండంగా ఉన్నాయి అని చెప్పి ఇంటికి వచ్చేసిందట మా అత్తయ్య. చారులో ఉప్పు రేణువు ఎక్కువైతే ఇంటికప్పు ఎగరగొట్టే మనిషి, ఆ పళ్ళ గురించి నాతో ఈనాటివరకూ ఒక్క మాట అనలేదు. నేను తల తిప్పలేదు. అవసరం లేదు కదా, ఎదురుగా అద్దం ఉంది. అద్దంలో మా అత్తయ్య, మోకాళ్ళ వ్యాయామానికి వెళ్ళే చేతికర్ర, భుజాన గుడ్డ సంచీ, గుమ్మంలో నిలబడి అద్దంలోనే నన్ను చూసింది. తర్వాత నడిచి వచ్చి, సరిగ్గా నాకు ఎదురుగా, ఆవిడ కోసమే ఖాళీగా ఉంచిన కుర్చీలో, అద్దానికి వీపు పెట్టి, అలవాటున్న వాళ్ళు కూర్చునేలా కూర్చుంది. ఎవరో ఆవిడకి అడగకుండానే చక్కెర లేని టీ ఇచ్చారు. ఆవిడ నన్ను ఎవరికీ పరిచయం చేయలేదు. నన్ను ఎరగనట్టే సంచీలోంచి తువ్వాలు తీసి మొహం తుడుచుకుంది. ఇప్పుడు ఆవిడ మొహం నా ఎదురుగా, ఆవిడ ముడి అద్దంలో, తప్పించుకుని చూడటానికి గదిలో నాకు ఇంకో దిక్కు లేదు.

కోపం రావాలి కదా, వచ్చింది. మోకాళ్ళట, వ్యాయామమట. వారం వారం వచ్చి ఇంతమందిలో నన్ను పరిచి ఆరేస్తోందన్నమాట, కోడలు తాగుబోతు అని, నా పెళ్ళినాటి సంగతుల నుంచి మొదలుపెట్టి ఉంటుంది, ఆవిడకి మొదలెడితే ఆపడం రాదు. అంటే ఈ కళ్ళద్దాలావిడకీ, ఈ నర్సుకీ, ఆ మూల స్వెట్టరావిడకీ, అందరికీ నా చరిత్ర తెలుసు, నేనే ఆ మనిషినని తెలియదు అంతే. చెవులు కాలిపోతున్నాయి. సంచీలో నీళ్ళ సీసా ఉంది, నీళ్ళు కానిది కూడా ఉంది దానిలో, కుర్చీ కింద కాలితో తడిమాను, ఉంది. బాత్రూము ఎక్కడండీ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. అడగబోతున్నాను, నిజంగా అడగబోతున్నాను. అప్పుడు కళ్ళద్దాలావిడ మా అత్తయ్య వైపు తిరిగి, ఎంతో ఆప్యాయంగా, “ఎలా ఉన్నారండీ ఈ వారం? మీ అబ్బాయి ఎలా ఉన్నాడు?” అంది.

మీ అబ్బాయి. నేను సరిగ్గా విన్నానా? నర్సు కూడా అత్తయ్య వైపు జాలిగా చూస్తోంది, స్వెట్టరావిడ తల పంకిస్తోంది, వాళ్ళందరికీ ఆ కొడుకు తెలుసు, వాషింగ్ మిషను వెనక సీసాలు పెట్టే కొడుకు, మాట తడబడే కొడుకు, కన్నతల్లిని ఈ వయసులో మెట్లెక్కిస్తున్న కొడుకు. ఆయనా! సోడా తాగితే తుమ్ములొచ్చే మనిషి. దగ్గు మందు కూడా వాసన చూసి పక్కన పెట్టే మనిషి. డిపోలో పార్టీలయితే అందరి చెప్పులకీ కాపలా కూర్చుంటాడని వాళ్ళ డ్రైవర్లు ఏడిపిస్తారు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, మా అత్తయ్యకి ఆయన అంతకన్నా ముద్దు, ఆయన్ని నేను ఒక మాట అంటే వారం రోజులు నాతో మాట్లాడదు. అలాంటి కొడుకుని తీసుకొచ్చి, ఇంతమంది ముందు తాగుబోతుని చేసి కూర్చోబెట్టింది. మొదటి రోజు ఎవరో, కొడుకా అండీ అని అడిగి ఉంటారు. ఆవిడ కాదనలేదు. కోడలు అని ఒక్క మాట అంటే పోయేది. అనలేదు. అలా అంటే నా పేరు చెడుతుందని. నేను లేని తమ్ముణ్ణి తాగుబోతుని చేశాను, పోనీలే, వాడు లేనేలేడు. ఆవిడ ఉన్న కొడుకుని చేసింది.

“మా ఇంట్లో మనిషి సంగతి ఎప్పుడూ ఉన్నదే,” అంది అత్తయ్య, నా వైపు కాదు, తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ. “ఇవాళ నా సంగతి చెబుతాను. మా మనవరాలికి అబద్ధం నేర్పింది నేనే. ఎవరన్నా అడిగితే తలనొప్పి అని చెప్పమ్మా, వెలుతురు పడదని చెప్పు, ఇంకేం అడగరు అన్నాను. ఇంటి గుట్టు కాపాడుతున్నా అనుకున్నా. మొన్న పిల్ల ఆ అబద్ధం బయట చెప్పొచ్చింది. వచ్చి, ‘బాగా చెప్పాను నానమ్మా’ అంది. మార్కులొచ్చిన పేపరు చూపించినట్టు చెప్పింది.” టక్ అన్నాయి పళ్ళు. ఆవిడ టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది. “ఇంక అడ్డం నిలబడను. ఎవరడిగినా ఉన్నదే చెబుతాను. ఇంటికి వెళ్ళాక పిల్లకి కూడా చెబుతాను, నాన్నా, నేను నేర్పింది తప్పు, అలా చెప్పొద్దు ఇంక అని. ఏమవుతుందో నాకు తెలీదు. భయంగానే ఉంది.” ఆగింది. అయిపోయిందనుకుని అందరూ ఆ మాట అనడానికి నోరు తెరిచారు, ఆవిడ చెయ్యెత్తి ఆపింది. “ఇంకొకటి. ఆ మనిషంటే నాకు చాలా ఇష్టం. కోపం వచ్చినప్పుడల్లా కోపం చెప్పాను. ఇష్టం ఎప్పుడూ చెప్పలేదు. మా ఇంటా వంటా లేదు అలా చెప్పుకోవడం.” అప్పుడు కూడా ఫ్యాను వైపే చూసింది. ఆ ఫ్యాను ఎంత అదృష్టం చేసుకుందో అనుకున్నాను, నవ్వొచ్చింది, నవ్వుతో పాటే ఇంకేదో వచ్చింది, అద్దంలో నా పౌడరు చారలు కట్టడం చూశాను. “విన్నాం,” అన్నారు అందరూ. నేను మాత్రం అరచేత్తో ఆ చారలు తుడుచుకుంటున్నాను.

పాపే కనిపెట్టిన అబద్ధం అనుకుని నేను ఇన్నాళ్ళూ కుమిలిపోయాను. కాదట, నానమ్మ నేర్పిందట. అయితే నా భారం కాస్త తగ్గాలి కదా. తగ్గలేదు. ఒక ముసలావిడ, ఒక చిన్నపిల్ల, వంటింట్లో కూర్చుని నా కోసం అబద్ధం వల్లెవేసుకోవడం కళ్ళకి కట్టింది, వెలుతురు పడదని చెప్పాలి, ఏదీ మళ్ళీ చెప్పు, చెయ్యి ఇలా అడ్డం పెట్టుకుంటుందని కూడా చెప్పు. నేను పక్క గదిలో తలుపేసుకుని, నా గుట్టు నేనే దాచుకుంటున్నానని మురిసిపోతూ ఉన్నాను. ఆ ఇంట్లో తెలియనిది నాకు ఒక్కదానికే. “మీరేమైనా చెబుతారా అమ్మా?” అంటోంది కళ్ళద్దాలావిడ, నన్నే, మెల్లగా. “చెప్పాలనిపిస్తేనే. ఊరికే విని వెళ్ళినా ఏం కాదు.” ఊరికే విని వెళ్ళినా ఏం కాదు. ఎంత మంచి మాట. తల అడ్డంగా ఊపితే చాలు, ఇంకొకరి వంతు వస్తుంది, గంట గడుస్తుంది, అత్తయ్యా నేనూ వేరు వేరు బస్సుల్లో ఇంటికి వెళ్తాం, ఆవిడ మోకాళ్ళ సంగతి చెబుతుంది, నేను ల్యాబు సంగతి చెబుతాను, ఆయన చదరంగంలో ఓడిపోయి ఉంటాడు. అత్తయ్య ఫ్యానుని వదిలేసి మొదటిసారి నన్ను చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. అది నాకు అలవాటు లేని చూపు.

“నేను చెప్పేది ఒక్కటేనండీ,” అన్నాను. “ఆ పెద్దావిడ కొడుకు నాకు బాగా తెలుసు. ఆయన తాగడు. ఒక్క చుక్క కూడా ముట్టడు. మీరెవరూ ఆయన్ని అలా అనుకోవద్దు.” నర్సు నన్ను చూసి, అత్తయ్యని చూసి, మళ్ళీ నన్ను చూసింది. స్వెట్టరావిడ చేతిలో బిస్కెట్టు గాల్లోనే ఆగిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు, అడగకపోవడం అంత కష్టమైన పని అని వాళ్ళ మొహాలు చూస్తే తెలుస్తోంది. “విన్నాం,” అంది అత్తయ్య, అందరికన్నా ముందు, ఒక్కతే. నేను లేచాను. “నా గది ఇది కాదండీ,” అని సంచీ తీసుకున్నాను. అద్దంలో అత్తయ్య వీపు ఒక్కసారి ముందుకి కదిలింది, లేవబోయినట్టు. లేవలేదు. మళ్ళీ కుర్చీకి ఆనుకుంది.

మెట్ల మీద సగం దిగి ఆగాను. వినడానికి ఆగాను, చేతికర్ర చప్పుడు వస్తుందేమోనని. ఒసే, ఎక్కడికే అని ఒక్క కేక వేసినా చాలు, నాకు కోపం వస్తుంది, నా మానాన నన్ను బతకనివ్వరా అని ఆ కోపం పట్టుకుని తిన్నగా వీధిలో పడతాను, ఇన్నేళ్ళూ నేను నడిచిన దారి అదే, ఎవరో ఒకరు వెంట పడితే పారిపోవడం ఎంత సుళువో. పైన ఇంకెవరో చెప్పడం మొదలుపెట్టారు. చేతికర్ర చప్పుడు రాలేదు. ఆవిడ నాకు కోపం తెచ్చుకునే అవకాశం కూడా ఇవ్వలేదు, నన్ను నాకే వదిలేసి అక్కడ కూర్చుంది, మోకాళ్ళు వణుకుతూ ఉంటాయి పాపం ఆవిడకి, నిజంగానే నొప్పి ఉంది ఆ మోకాళ్ళలో. మెట్ల కింద ఎదురుగా వీధి తలుపు, బార్లా తెరిచే ఉంది, బయట పళ్ళబండి వాడు లైటు వెలిగిస్తున్నాడు, మా వైపు వెళ్ళే బస్సు ఆగి మనుషుల్ని దింపుతోంది. ఎడమ వైపు ఓరగా తెరిచిన ఆ గది. సంచీలో సీసా బరువుగా ఉంది. తాగాలని ఉంది, ఇప్పుడు, ఈ మెట్టు మీదే, ఇంతకు ముందెప్పుడూ లేనంతగా ఉంది. దానికన్నా ఎక్కువ భయంగా ఉంది. ఇంటికి వెళ్ళి ఆవిడ పాపతో ఏం చెబుతుందో నాకు తెలుసు, నేను పాపతో ఏం చెప్పాలో మాత్రం తెలియదు, అది వీధిలో ఎక్కడా దొరకదు. బస్సు కదిలింది. నేను ఎడమ వైపు తిరిగి తలుపు తోశాను.

అందరూ నా వైపు చూశారు. ఎవరో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. తలుపు పక్కన కూర్చున్న పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఎంతో మర్యాదగా, నా మీద నిజంగా జాలిపడుతూ, చేత్తో మెట్ల వైపు చూపించాడు.

“కుటుంబాల వాళ్ళ మీటింగు మేడ మీదమ్మా.”

“మేడ మీద నుంచే వస్తున్నానండీ,” అన్నాను. “తాగేది నేనే.”